కాలేజీ అప్లికేషన్‌లో గేమింగ్: రాయొచ్చు, కానీ ఏం రాస్తున్నారు?

మన దగ్గర సీటు అంటే ర్యాంకే. ఎప్‌సెట్ అయినా, జేఈఈ అయినా ఖాళీ టైంలో ఏం చేశావని ఎవరూ అడగరు. ఇంటర్ తర్వాత నేరుగా అమెరికాలో డిగ్రీకి వెళ్లాలనుకునే పిల్లలకు మాత్రం ఆ ప్రశ్న తప్పదు. రోజంతా ఫోన్‌లో గేమ్ ఆడే అబ్బాయి, ఆ గేమింగ్‌నే అప్లికేషన్‌లో చూపించొచ్చా?

చూపించొచ్చు. వెయ్యికి పైగా కాలేజీలు వాడే కామన్ యాప్‌లో 10 యాక్టివిటీల వరకు రాసుకోవచ్చు. గేమింగ్ వద్దనే రూల్ ఏదీ లేదు. ఈ-స్పోర్ట్స్‌కు అక్కడ గుర్తింపు కూడా ఉంది. షికాగోలోని రాబర్ట్ మోరిస్ యూనివర్సిటీ 2014లోనే లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆటగాళ్లకు స్కాలర్‌షిప్ ఇచ్చింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌ను ప్రదర్శన క్రీడగా పెడితే, మన దేశానికి చెందిన తీర్థ్ మెహతా హార్త్‌స్టోన్‌లో కాంస్యం గెలిచాడు.

అయితే ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. ఈ-స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ వేరు, అడ్మిషన్ వేరు. స్కాలర్‌షిప్ కోసం కోచ్ ఆట చూస్తాడు. అడ్మిషన్ ఆఫీసర్ మనిషిని చూస్తాడు. గేమ్‌లో ఏ ర్యాంకు వచ్చిందో ఆయనకు అర్థం కాకపోవచ్చు. కాలేజీలో టీమ్ కట్టడం, జూనియర్లకు నేర్పడం, టోర్నమెంట్ పెట్టి లెక్కలు చూసుకోవడం ఎవరికైనా అర్థమవుతుంది. వివరణకు దొరికేది 150 క్యారెక్టర్లే, స్పేస్‌లతో కలిపి. అందులో గేమ్ గొప్పతనం చెబుతూ కూర్చుంటే చేసిన పని చెప్పడానికి చోటు మిగలదు.

ఇంకో చిక్కు గంటలతో. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని ఫారంలో అడుగుతారు. వారానికి 20 గంటలు, ఏడాదికి 50 వారాలు అని రాస్తే లెక్క 1,000 గంటలు. అంత సమయం పెట్టి సాధించిందేంటి అన్న అనుమానం చదివేవాళ్లకు వస్తుంది. పోనీ అని లేని కెప్టెన్ పదవి, జరగని టోర్నమెంట్ రాయడం ఇంకా ప్రమాదం. రాసినదంతా నిజమేనని విద్యార్థి సంతకం చేయాలి. అబద్ధమని తేలితే వచ్చిన సీటు కూడా పోవచ్చు. కన్సల్టెన్సీ వాళ్లు రాయమన్నారంటే కుదరదు, సంతకం పిల్లాడిదే.

డబ్బు పెట్టి ఆడే ఆటల జోలికి అసలు పోకూడదు. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ-స్పోర్ట్స్‌ను గుర్తిస్తూనే మనీ గేమ్స్‌ను నిషేధించింది. రెండింటినీ కలిపి రాస్తే మంచి పేరు కూడా చెడుతుంది.

ఈ గొడవలో అసలు విషయం మరుగున పడుతోంది. అదే యాక్టివిటీల జాబితాలో జీతానికి చేసే పనికి, కుటుంబ బాధ్యతలకు కూడా విడిగా ఆప్షన్లు ఉన్నాయి. సాయంత్రం అబ్బా దుకాణంలో కూర్చునే అబ్బాయి, అమ్మీ డ్యూటీకి వెళ్తే తమ్ముళ్లను చూసుకుంటూ చదువుకునే అమ్మాయి "మాకు రాయడానికి ఏముంది" అనుకుంటారు. క్లబ్బులకు, కోచింగ్‌లకు ఫీజు కట్టలేని ఇళ్లలో ఈ మాట ఎక్కువ. గేమింగ్ రాయాలా వద్దా అని ఆలోచించే ముందు ఆ పనికి ఒక లైను కేటాయించాలి. దానికి పెట్టిన గంటలు కూడా లెక్కలోకి వస్తాయి.