మునిగేవాడికి జైలు, మూట కట్టేవాడికి లాభం

రైతు కూలీల పేజీలో సముద్రపు జీవి గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. కూలీ ఉన్న చోటల్లా మన గొడవే.

సముద్ర దోసకాయ పేరుకే కాయ, ప్రాణమున్న జీవి. తమిళనాట 'కడల్ అట్టై' అంటారు, అంటే సముద్రపు జలగ. ఆ పేరు అన్యాయం. అది ఎవరి రక్తమూ పీల్చదు. సముద్రం అడుగున ఇసుకా బురదా మింగి, అందులోని కుళ్లు తిని, శుభ్రమైన ఇసుక వదులుతుంది. మన చేలో వానపాము చేసే పనే.

రామనాథపురం, తూత్తుకుడి ఒడ్డున తరతరాలుగా దీన్ని పట్టి బతికారు. ముఖానికి అద్దం, కాళ్లకు రేకులు కట్టుకుని, ఊపిరి బిగబట్టి మునిగేవారు. తెచ్చినదాన్ని కోసి పేగులు తీసి, ఉడకబెట్టి, ఇసుకలో పాతి, పైనున్న సున్నపు పొర ఊడేదాకా రుద్ది, మళ్లీ ఉడికించి ఎండబెట్టాలి. చివరికి బతికున్నప్పటి బరువులో పదో వంతు కూడా మిగలదు. ఈ చాకిరీ అంతా ఒడ్డువాళ్లది. తినేవాళ్లు చైనా, హాంకాంగ్, సింగపూర్ విందుల్లో ఉంటారు. మధ్యలో దళారీ. ముందుగా అప్పిస్తాడు, సరుకు తనకే పోయాలంటాడు, ధర తానే చెబుతాడు. పాలేరు జీతం ఎరిగిన మనకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

సముద్రంలో ఇవి తరిగిపోయిన మాట నిజం. మేం కాదనం. 1982లో మూడంగుళాలకు తక్కువైన ఎండు సరుకు ఎగుమతి చేయరాదని కేంద్రం ఆంక్ష పెట్టింది. 2001లో ఏకంగా మొత్తం జాతిని వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, పులి పక్కన చేర్చింది. పడితే ఏడేళ్ల దాకా జైలు. తమను ఒక్క మాట అడగలేదన్నది జాలర్ల ఫిర్యాదు.

మరి వ్యాపారం ఆగిందా? చాటుకు పోయింది, అంతే. ఎదురుగా శ్రీలంకలో లైసెన్సు ఉంటే పట్టుకోవచ్చు. పాక్ జలసంధి దాటిన మూట లంక సరుకులో కలిసిపోతే పోల్చేదెవరు? బస్తాలు పట్టుబడ్డాయని, పడవవాడు అరెస్టయ్యాడని పత్రికల్లో చదువుతుంటాం. పెట్టుబడి పెట్టిన పెద్దమనిషి పేరు ఎప్పుడో గానీ కనబడదు. మరపడవల వలలు అడుగంతా దువ్వుతుంటే వాటిలో ఇవీ పడతాయి. చచ్చినదాన్ని తిరిగి నీళ్లలో పారేస్తే జాతి పెరుగుతుందా?

1988లో తూత్తుకుడిలోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు వీటి పిల్లల్ని తొట్లలో పుట్టించారు. ఆ జాతినే నేడు వియత్నాం చెరువుల్లో పెంచుకుంటోంది. పుట్టించిన ఒడ్డున మాత్రం జాలరి ముట్టుకుంటే నేరం!

నిషేధం ఎత్తేసి దళారీకి తలుపులు తెరవమని మేం అనడం లేదు. మునిగి పట్టే జాలర్ల సహకార సంఘాలకే అనుమతి ఇవ్వాలి. చిన్నవి పట్టకుండా కొలత ఉండాలి. గుడ్లు పెట్టే నెలల్లో పట్టుడు ఆపాలి, ఆ నెలలకు భృతి ఇవ్వాలి. పిల్లల్ని పెంచే తొట్లు ప్రభుత్వ ఖర్చుతో కట్టాలి. అడుగు దువ్వే వలలు ఆ నీళ్లలోకి రాకూడదు. నిషేధం సడలించమని అక్కడి జాలర్లు ఏళ్లుగా అడుగుతున్నారు. వాళ్ల అర్జీ కింద వ్యవసాయ కార్మికుల వేలిముద్రలు కూడా పడాలి.