దశమ భాగం సరే, వడ్డీ సంగతేంటి?

పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి. ముందే చెప్తున్నాం, ఇది మతం గొడవ కాదు. చర్చికి వెళ్లేవాళ్లం, వెళ్లనివాళ్లం కలిసే రాస్తున్నాం. అప్పు మాత్రం రెండు రకాల ఇళ్లలోనూ ఉంది.

ఈమధ్య మన ఏజెన్సీ సంఘాల్లో డబ్బు గురించి ప్రసంగాలు ఎక్కువయ్యాయి. తిప్పితిప్పి రెండే మాటలు. మలాకీ 3:10 ప్రకారం దశమ భాగం ఇవ్వండి, దీవెన వస్తుంది. సామెతలు 22:7 ప్రకారం అప్పు చేసినవాడు బానిస, కాబట్టి అప్పు చెయ్యకండి. పట్నం నుంచి వచ్చినవాళ్లు బోర్డు మీద గీతలు గీసి బడ్జెట్ కూడా నేర్పుతున్నారు. నేర్పనివ్వండి, తప్పులేదు. తాగుడు మాన్పించి ఇళ్లు నిలబెట్టిన పాస్టర్లు మనకున్నారు, అది మేం మర్చిపోం.

కానీ వాక్యం సగమే చెప్తున్నారు. సామెతలు 22:7 మొదటి సగంలో ధనవంతుడు బీదల మీద పెత్తనం చేస్తాడని ఉంది. అంటే అది అప్పు తీసుకున్నవాడికి పెట్టిన తిట్టు కాదు, లోకం నడిచే తీరు చెప్పిన మాట. జ్వరమొచ్చిన పిల్లని కొండ దించడానికి జీపు కిరాయికి అప్పు చేసిన తల్లికి బడ్జెట్ పాఠం ఎందుకు? ఆ వడ్డీ ఎవరు తింటున్నారో అడగాలి కదా.

మలాకీ సంగతీ అంతే. అదే అధ్యాయం 5వ వచనంలో కూలి ఎగ్గొట్టేవాళ్ల మీద, వితంతువుల్ని, తండ్రిలేని పిల్లల్ని బాధపెట్టేవాళ్ల మీద దేవుడే సాక్షిగా నిలబడతానంటాడు. 10కి వెళ్లాలంటే 5 దాటాలి. ఎలా దాటుతున్నారో మాకు అర్థం కావట్లేదు. ద్వితీయోపదేశకాండము 14 చివర్లో చూడండి: మూడేళ్లకోసారి దశమ భాగం ఊళ్లోనే ఉంచాలి, లేవీయులతో పాటు పరదేశులు, అనాథలు, వితంతువులు కడుపునిండా తినాలి. మన ఊరి దశమ భాగంలో ఎంత మన ఊరి వితంతువుకి చేరింది?

అసలు చదవాల్సింది నెహెమ్యా 5. జనం కరువులో ధాన్యం కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు తాకట్టు పెట్టారు. రాజుకి పన్ను కట్టడానికి అప్పు చేశారు. కొడుకుల్ని, కూతుళ్లని దాస్యంలోకి పంపారు. అప్పిచ్చినవాళ్లు పరాయోళ్లు కాదు, సొంత యూదులే. నెహెమ్యా అప్పుపడ్డవాళ్లకి పొదుపు క్లాసు పెట్టలేదు. కోపం తెచ్చుకుని, పెద్దల్ని సభలో నిలబెట్టి, పొలాలూ ఇళ్లూ ఆ రోజే తిరిగి ఇచ్చెయ్యమన్నాడు, తీసుకున్న నూరో వంతుతో సహా. ఆ నూరో వంతు నెలకి అని చాలామంది వ్యాఖ్యాతలు చెప్తారు. అంటే మన లెక్కలో రూపాయి వడ్డీ! మన సంతలో ఐదు రూపాయల వడ్డీకి 10,000 తీసుకుంటే నెలకి 500, ఏడాదికి 6,000. అసలు అక్కడే ఉంటుంది.

తాకట్టు గురించి కూడా ఉంది. ద్వితీయోపదేశకాండము 24లో తిరగలి తాకట్టు తీసుకోకూడదు, పేదవాడు కప్పుకునే బట్ట పొద్దుగూకేసరికి తిరిగివ్వాలి. తిరగలి పోతే ఇల్లు ఏమవుతుందో మన అమ్మమ్మలకి ఎవరూ వివరించక్కర్లేదు. ఇప్పుడు ఏటీఎం కార్డులు, పాసుపుస్తకాలు షావుకారు పెట్టెలో ఉంటున్నాయి.

లేవీయకాండము 25 భూమిని శాశ్వతంగా అమ్మొద్దంటుంది. మన 1/70కి చుట్టమే. పెసా చట్టం 1996లోనే గిరిజనులకిచ్చే అప్పుల మీద అదుపు గ్రామసభకీ పంచాయతీలకీ ఉండాలంది. ఇవి ప్రసంగంలో ఎందుకు రావు? మందిరం స్లాబుకి పెద్ద కానుక ఎవరిచ్చారో శిలాఫలకం మీద చదవండి. అన్ని చోట్లా ఇలాగే అని అనట్లేదు. కొన్నిచోట్ల ఇదే.

జక్కయ్య మేడిచెట్టు ఎక్కిన కథ సండేస్కూల్లో అందరం విన్నాం. దిగాక ఆస్తిలో సగం బీదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు కడతానని మాటిచ్చాడు. యాక్షన్ సాంగ్‌లో ఆ ముక్క ఉండదు ఎందుకో.

వచ్చే యూత్ మీటింగ్‌లో నెహెమ్యా 5 మొత్తం పైకి చదవమని మీ పాస్టర్ గారిని అడగండి, మేమూ అడుగుతున్నాం. మీ సంతలో ఎన్ని రూపాయల వడ్డీ నడుస్తోందో, ఏం తాకట్టు పెట్టించుకుంటున్నారో కింద రాయండి. మనుషుల పేర్లు వద్దు, ఊరు, వడ్డీ చాలు. ఆ లిస్టు గ్రామసభలో పెడదాం.