లేదనడానికి ముందు

"మాస్టారూ, దీనికి తెలుగు రాదండి" అంటూ మా వెనకింటి గుమాస్తాగారి అమ్మాయి ల్యాప్‌టాపు తెచ్చి మా వీధి అరుగుమీద పెట్టింది.

తెలుగు రానివాళ్ళను నా దగ్గరకు తీసుకురావడం మా కడియంలో కొత్తేమీ కాదు. ఇరవై ఏళ్ళుగా కళాశాలలో తెలుగు చెప్పుకుని బ్రతుకుతున్నవాణ్ణి. అయితే ఇంతవరకూ తెచ్చినవాళ్ళందరూ మనుషుల్నే తెచ్చారు. యంత్రానికి ట్యూషను చెప్పమనడం ఇదే మొదలు.

సంగతేమిటంటే, ఆ అమ్మాయి తండ్రి ఇక్కడ ఒక నర్సరీలో ముప్ఫై ఏళ్ళుగా పద్దులు వ్రాస్తున్నాడు. కడియం, కడియపులంక మీదుగా ప్రయాణం చేసినవారికి నేను చెప్పనక్కరలేదు. దారికి ఇరుపక్కలా కనుచూపు మేర మొక్కలే. ఒక్కొక్క తోటలో వందల రకాలు. ఏ మొక్క ఏ మడిలో ఉంది, ఎన్ని ఉన్నాయి, ఎంత ఎత్తువి, ధర ఎంత - ఇదంతా ఆయన పుస్తకంలోనూ, అంతకు మించి ఆయన బుర్రలోనూ ఉంటుంది. ఇప్పుడాయనకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. తను వ్రాసిన పద్దు తానే చదవలేక కూతురిచేత చదివించుకుంటున్నాడు. యజమాని మంచివాడే, కాని లారీ వచ్చి నిలబడ్డప్పుడు ఎంత మంచివాడికైనా ఓపిక కొంచెం తగ్గుతుంది. "మీ అమ్మాయి కంప్యూటరు చదివిందిగా, ఈ పద్దేదో అందులో పెట్టెయ్యమను. నెల రోజులు చూస్తాను. కుదరకపోతే వేరే మనిషిని పెట్టుకోవలసిందే" అన్నాడట.

అమ్మాయి బి.కాం. చదివేటప్పుడు నా దగ్గరే తెలుగు చదువుకుంది. క్లాసులో చెప్పినవి తప్ప సొంతంగా ఒక ప్రోగ్రాము వ్రాయడం ఆమెకు ఇదే ప్రథమం. రాత్రిళ్ళు కూర్చుని పుస్తకంలోని 1,100 పైచిలుకు పేర్లూ అక్షరక్రమంలో ఎక్కించింది - తీరికను బట్టి కొన్ని ఫోనులోనూ, కొన్ని ఈ పెట్టెలోనూ. పేరు అడిగితే వివరాలు చెప్పేటట్టు పైథాన్ అనే భాషలో ప్రోగ్రాము వ్రాసింది. జాబితాలో మొదటి పేరు అకాలీఫా. అడిగి చూసింది. ఫలానా మడి, ఇన్ని మొక్కలు అని ఠక్కున చెప్పింది. సంబరపడిపోయి మర్నాడు తోటకు పట్టుకుపోయింది.

ఆ పూట తండ్రి కళ్ళ డాక్టరు కోసం రాజమండ్రి వెళ్ళాడు. పొరుగు రాష్ట్రం నుంచి ఒకాయన లారీ వేసుకొచ్చి తైవాన్ జామ 500 కావాలన్నాడు. పెట్టె 'లేదు' అంది. పోనీ గన్నేరు? లేదు. నందివర్ధనం? లేదు. ఆయన పక్క తోటకు వెళ్ళిపోయాడు. ఆ జామ మొక్కలు ఆయన లారీ ఆపిన చోటికి ఇరవై గజాల్లో తలలూపుతూ నిలబడే ఉన్నాయట!

"యజమాని ఏమన్నాడు?"

"ఏమీ అనలేదండి. అదే భయంగా ఉంది."

నాకు ప్రోగ్రాముల గురించి ఓనమాలు కూడా రావు. ఆ మాటే చెప్పాను. ఫోనులోని మరమేధస్సును అడిగితే ఇట్టే సరిచేసి ఇస్తుందటగా అన్నాను. అదీ అయిందట. నలభై పంక్తుల కొత్త ప్రోగ్రాము ఇచ్చిందట. "ఒక్క ముక్క అర్థం కాలేదండి. రేపు అది ఆగిపోతే తోటలో నేనేం చెప్పను?" అంది. ఈ జవాబు నాకు నచ్చింది. కాగితం తెమ్మన్నాను.

నాకు వచ్చిన విద్య ఒకటే - ప్రతిపదార్థం, తాత్పర్యం. "నీ ప్రోగ్రాము ఏం చేస్తుందో చెప్పు" అంటే, "పేరు అడుగుతుందండి, జాబితా అంతా వెతుకుతుందండి, ఉంటే వివరం చెబుతుందండి, లేకపోతే లేదంటుందండి" అని గడగడా అప్పజెప్పింది. అచ్చం పరీక్ష ముందు మా విద్యార్థులు చెప్పినట్టే! పద్యం చదవకుండానే తాత్పర్యం చెప్పేస్తారు. గైడులో ఉంటుంది కాబట్టి ఆ తాత్పర్యం ఎప్పుడూ బాగానే ఉంటుంది. పద్యంలో ఏముందన్నది వేరే సంగతి.

పది చీటీల మీద పది మొక్కల పేర్లు వ్రాసి వరుసగా పేర్చాను. "ఇప్పుడు నువ్వే యంత్రానివి. నేను గన్నేరు అడుగుతున్నాను. నీ పంక్తులు ఒక్కొక్కటే చదివి, అందులో ఉన్నదే చెయ్యి" అన్నాను. మొదటి చీటీ తీసింది. అకాలీఫా. కాదని పక్కన పెట్టి రెండో చీటీ తీసింది.

"ఆగమ్మా. రెండోది తియ్యమని ఎక్కడుంది?"

"ప్రతి పద్దుకూ ఇలా చెయ్యి అని పైన ఉందండి."

"సరే, మళ్ళీ మొదటి నుంచి."

మళ్ళీ అలాగే చేసింది. తప్పు ఆమెది కాదు. మనిషన్నవాడు తను అనుకున్నదే చేస్తాడు. కాగితం మీద ఉన్నది చెయ్యడానికి చాలా సాధన కావాలి. మూడోసారి చూపుడువేలు పంక్తి మీద పెట్టి, పైకి చదవమన్నాను. "పేరు కలిస్తే వివరం చెప్పు. కలవకపోతే లేదు అని చెప్పి... వెళ్ళిపో." వేలు అక్కడే ఆగిపోయింది. చేతిలో అకాలీఫా చీటీ ఉంది. తొమ్మిది చీటీలు ముట్టుకోకుండా అలాగే ఉన్నాయి.

"అయ్యో!" అంది.

మొదటి పద్దు కాకపోతే చాలు, యంత్రం తోటంతా లేదని చెప్పి ఇంటికి పోతోంది. గుమ్మంలో ఉన్న కుండీ చూసి, లోపల మరేమీ లేదని తేల్చినట్టన్నమాట. ఉన్నదని చెప్పడానికి ఒక్క మొక్క కనబడితే చాలు. లేదనాలంటే మాత్రం చివరి మడిదాకా నడవాలి. ఆ 'లేదు' అనే పంక్తిని జాబితా అంతా అయిపోయిన తరువాత పెట్టాలి. పైథాన్‌లో ఒక పంక్తి ఎవరి కిందిదో తేల్చేది ఎడమవైపు వదిలిన ఖాళీయేనట. ఆ అమ్మాయి 'లేదు' పంక్తి ఖాళీలన్నీ చెరిపి దాన్ని ఎడమ అంచుకు జరిపింది, పైనున్న 'కలవకపోతే' తీసేసింది. గన్నేరు దొరికింది. నందివర్ధనం దొరికింది. పారిజాతం, పొగడ, మందారం... అడిగినవన్నీ వచ్చి నిలబడ్డాయి. అంత చిన్న తప్పుకు లారీ పోయిందని మాత్రం కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఇటువంటి తప్పుల్ని బగ్గులంటారని మా కళాశాలలో కంప్యూటరు చెప్పే మిత్రుడొకాయన తరువాత చెప్పాడు. 1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డువారి మార్క్-2 యంత్రం మొరాయిస్తే, విప్పి చూడగా లోపల ఒక రెక్కల పురుగు దొరికిందట. దాన్ని లాగ్ పుస్తకంలో అంటించి పెట్టారు. ఆ మాట అంతకు ముందే ఉంది. ఎడిసన్ 1878లోనే వాడాడు. (మా ఊళ్ళో బగ్గంటే పిండినల్లి. దానికైతే మందు కొడతాం.) మహామహులకూ ఇది తప్పదని ఆయన చెప్పిన సంగతి మరొకటి ఉంది. జావా అనే భాషతోపాటు లోకానికంతకూ అందే వెతుకులాట ప్రోగ్రాము ఒకటి జాషువా బ్లాక్ అనే నిపుణుడు వ్రాసినది. అందులో ఒక లోపం దాదాపు తొమ్మిదేళ్ళు దాక్కుని ఉందట. జాబితా మరీ పెద్దదైతే, మధ్య స్థానం తెలుసుకోవడానికి రెండు సంఖ్యలు కూడేచోట మొత్తం యంత్రానికి పట్టకుండా పొర్లిపోయేది. 2006లో ఆయనే ఆ సంగతి బయటపెట్టి వ్రాశాడు. ఇది చెప్పాక ఆ పిల్ల కొంచెం తేరుకుంది.

కాని అసలు ముడి ఇంకా విడలేదు. తైవాన్ జామ అడిగితే జాబితా చివరిదాకా వెళ్ళి వచ్చి కూడా 'లేదు' అంది!

"చూశారా మాస్టారూ? దీనికి తెలుగు రాదని నేను ముందే చెప్పానండి."

కళ్ళెదుట తెర మీద రెండుచోట్లా తైవాన్ జామే. గుణింతంలో తేడా లేదు, పొల్లులో తేడా లేదు. రెండింటిలోనూ ఎన్ని అక్షరాలున్నాయో దాన్నే అడగమన్నాను. ఛందస్సు లెక్కన నాకు తై, వాన్, జా, మ - నాలుగు. యంత్రం తలకట్టు తప్ప గుణింతాన్నీ పొల్లునీ మధ్యనున్న ఖాళీనీ విడివిడిగా లెక్కపెడుతుందట. ఇప్పుడు కొట్టిన దానికి పది అంది. జాబితాలో ఉన్నదానికి పదకొండు అంది. ఆ పదకొండోది ఎవరు?

అది కంటికి కనబడని గుర్తు. పొల్లు తరువాత వచ్చే హల్లు దానికి ఒత్తుగా అతుక్కోకుండా అడ్డం నిలబడుతుంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వెడల్పు లేదు, ఆకారం లేదు, ఉచ్చారణ లేదు. ఉనికి మాత్రం ఉంది! అది లేకపోతే 'సాఫ్ట్‌వేర్' అని వ్రాయబోతే ట కింద వ వత్తు వచ్చి కూర్చుంటుంది. ఫోనులో కొట్టినప్పుడు, పొల్లు మీద మాట ఆగగానే ఆ కీబోర్డు తనంతట తానే ఈ గుర్తును చేరుస్తోంది. పెట్టెలో కొట్టినప్పుడు చేర్చడం లేదు. తెలుగు లిపికి యూనికోడ్‌లో చోటు దొరికిన 1991లోనే పైథాన్ కూడా పుట్టిందట. ఇన్నేళ్ళుగా కలిసి తిరుగుతున్నా అవి ఇలా ఒకదాన్నొకటి ఆట పట్టిస్తూనే ఉన్నాయి. తెర మీద చూపేటప్పుడు ఆ గుర్తును ఉండనిచ్చి, పోల్చేటప్పుడు మాత్రం రెండువైపులా తీసివెయ్యమన్నాం. తైవాన్ జామ దొరికింది: మూడో మడి, 640 మొక్కలు.

అప్పటికి లోపలి నుంచి మా ఆవిడ కాఫీ తెచ్చింది. "చామంతి ఉందా?" అని ఆవిడ ఊరికే అడిగింది. లేదంది. గుమాస్తాగారు పుస్తకంలో వ్రాసుకున్నది చేమంతి!

దానికి యంత్రాన్ని తిట్టి లాభం లేదు. ఆ తప్పు నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక విద్యార్థి భట్టుమూర్తి గ్రంథం కావాలంటే, మా గ్రంథాలయం కార్డులు భకారం కింద వెతికి, లేదు పొమ్మన్నాను. వసుచరిత్ర రకారం కింద, రామరాజభూషణుడి పేరుతో ఉంది. ఇద్దరూ ఒకరేనని క్లాసులో పాఠం చెప్పినవాణ్ణి నేనే! ఆ కుర్రవాడు మళ్ళీ నన్ను పుస్తకం అడగలేదు.

ఈ ముడి విప్పడం నా వల్లా కాదు, ఆ అమ్మాయి వల్లా కాదు. వాళ్ళ నాన్నను పిలుచుకు రమ్మన్నాను. ఆయన వచ్చి అరుగు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని చెప్పడం మొదలుపెట్టాడు. చేమంతి అన్నా చామంతి అన్నా ఒకటే. సంపెంగ, సంపంగి. బంగినపల్లి, బంగనపల్లి. కాగితం పూలన్నా బోగన్‌విల్లియా అన్నా అదే. నూరువరహాలను బయటివాళ్ళు ఇక్సోరా అంటారు. మందారము అని పాత పుస్తకంలో ఉంటే మందారమే. ఏ ఊరి వ్యాపారి ఏ మొక్కను ఏమంటాడో కూడా చెప్పాడు. అమ్మాయి కొట్టుకుంటూ పోయింది. మూడు సాయంత్రాలు పట్టింది. కాఫీలకు లెక్క లేదు.

మూడో రోజు దీపాలు పెట్టే వేళకు ఆయన కూతురితో, "మనోరంజితం అడుగమ్మా" అన్నాడు.

అడిగింది. పెట్టె ఒక్క క్షణం ఆగి, లేదంది.

అమ్మాయి బిక్కమొహం వేసి నావైపు చూసింది. నేను ప్రోగ్రాము వైపు చూశాను. గుమాస్తాగారు మాత్రం తల పంకించాడు.

"నిజమేనండి మాస్టారూ. ఉన్న నాలుగూ వేసవిలో అమ్మేశాం."