కొలవని గాలిని నమ్మకండి

అమెరికాలో సూపర్‌మార్కెట్లు, మందుల షాపులు, బడుల నేలలు పొద్దున్నే తళతళలాడుతుంటాయి. చాలాచోట్ల ఆ మెరుపు వెనక ప్రొపేన్ బర్నిషర్ అనే యంత్రం ఉంటుంది. చక్రాల బండి మీద ఒక ఇంజన్, 20 పౌండ్ల గ్యాస్ సిలిండర్, కింద నిమిషానికి సుమారు రెండు వేల చుట్లు తిరిగే గుండ్రటి ప్యాడ్. దుకాణం మూసేశాక ఒక మనిషి దాన్ని పట్టుకుని నడవా తర్వాత నడవా తిరుగుతాడు. కరెంటు తీగ కాళ్లకు అడ్డం పడదు, బ్యాటరీ దిగిపోతుందన్న బెంగ ఉండదు. పని చకచకా సాగుతుంది. వ్యాపారులకు ఈ యంత్రం నచ్చడంలో ఆశ్చర్యం లేదు.

ఆ రంగంలో దీని గురించి ఒక నమ్మకం బలంగా పాతుకుపోయింది. ప్రొపేన్ శుభ్రంగా మండే ఇంధనం, పెట్రోలు ఇంజన్‌లా పొగ రాదు, కాబట్టి నాలుగు గోడల మధ్య నడిపినా భయం లేదు. ఎక్కడైనా ప్రమాదం జరిగితే అది నడిపినవాడి అజాగ్రత్తే. దుకాణం యజమానులూ, కాంట్రాక్టర్లూ, కొన్నిసార్లు పనివాళ్లు కూడా ఈ మాటే చెబుతారు. ఇది తప్పు. మనుషుల ప్రాణం మీదికి తెచ్చే తప్పు.

ప్రొపేన్ పెట్రోలు కన్నా మసి తక్కువ పెడుతుంది, నిజమే. కానీ శుభ్రంగా మండాలంటే ఒక షరతుంది: కిలో ప్రొపేన్‌కు 15 కిలోలకు పైగా గాలి అందాలి. అప్పుడే అది బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా మారుతుంది. గాలి తగ్గిన కొద్దీ కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మంటలో గాలి పాలు ఎంతన్నది ఇంజన్ ఉన్న స్థితి మీద ఆధారపడుతుంది; సిలిండర్ మీద ఏ గ్యాస్ పేరు రాసి ఉందన్న దానితో ఆ లెక్క తేలదు.

ఆ స్థితిని పాడుచేసేది బర్నిషర్ చేసే పనే. నేల మీద పూసిన ఫినిష్‌ను ప్యాడ్ రుద్దుతుంటే సన్నటి తెల్లటి పొడి లేస్తుంది. దుమ్ము పట్టే స్కర్టు యంత్రానికి ఉన్నా, కొంత పొడి ఇంజన్ గాలి ఫిల్టర్‌లోకి చేరుతుంది. కొన్నాళ్లు శుభ్రం చేయకుండా వాడిన ఫిల్టర్‌ను బయటికి తీసి చూడండి: కాగితపు మడతల మధ్య ఆ పొడి పిండిలా పేరుకుని ఉంటుంది. గాలినీ గ్యాస్‌నూ కలిపే పాత తరహా మిక్సర్ ఉన్న ఇంజన్లలో ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గుతుంది, గ్యాస్ పాలు పెరుగుతుంది. ఇంజన్ ఆగిపోదు. శబ్దంలో పెద్ద తేడా వినిపించదు. నేల ఎప్పటిలాగే మెరుస్తుంది. మారేదల్లా పొగగొట్టం నుంచి వచ్చే గాలి. నడిపేవాడు ఎంత జాగ్రత్తపరుడైనా ఆ మార్పును కంటితోనో ముక్కుతోనో పట్టుకోలేడు.

"మా హాలు చాలా పెద్దది, ఏం కాదు" అనేవాళ్ల కోసం ఒక చిన్న లెక్క. 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తున్న దుకాణం అనుకుందాం. అందులో 2,400 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. గంటకు కిలో ప్రొపేన్ కాలిందనుకుంటే సుమారు 14 ఘనపు మీటర్ల పొగ బయటికొస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఒక్క శాతమే ఉన్నా అది 140 లీటర్లు. బయటి గాలి రాకపోతే గంట తిరిగేసరికి హాలంతా 58 పీపీఎంకు, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 58 పాళ్లకు, చేరుతుంది. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా ఎనిమిది గంటల పనికి సగటున పెట్టిన పరిమితి 50. వృత్తి ఆరోగ్య పరిశోధనా సంస్థ నియోష్ 35 దాటకూడదంటుంది. ఒక్క క్షణం కూడా 200 మించరాదంటుంది. ట్యూనింగ్ బాగా చెడి పొగలో ఐదు శాతం వచ్చిందంటే ఆ గంటలోనే 250 కూడా దాటిపోతుంది. పైగా ఈ పని జరిగేది రాత్రి. తలుపులకు తాళాలు పడి ఉంటాయి. కరెంటు ఖర్చు తగ్గించడానికి చాలాచోట్ల గాలి యంత్రాలను తగ్గించేస్తారు. హాలు ఎంత పెద్దదైనా గాలి మారకపోతే లాభం లేదు.

"మా యంత్రానికి కెటలిటిక్ కన్వర్టర్ ఉంది" అన్నది ఇంకో సమాధానం. ఉండాల్సిందే. కానీ అది పనిచేయాలంటే వేడెక్కాలి, పొగలో కొంచెం ఆక్సిజన్ మిగిలి ఉండాలి. ఫిల్టర్ మూసుకుపోయి గ్యాస్ పాలు పెరిగిన ఇంజన్ పొగలో ఆ ఆక్సిజనే ఉండదు. అవసరం ఎక్కువైనప్పుడే ఆ పరికరం చేతులెత్తేస్తుంది. యంత్రం కొన్న రోజున ఇచ్చిన ధ్రువపత్రం, రెండేళ్లు వాడిన ఇంజన్‌కు హామీ ఇవ్వదు.

గ్యాస్ వాసన వస్తే స్టవ్ కట్టేసి, కిటికీలు తెరవాలని మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ వాసన లీకును పట్టించడానికి కావాలని కలిపే మెర్కాప్టాన్‌ది. ఇంజన్‌లో కాలిన గ్యాస్‌కు ఆ వాసన ఉండదు. అందుకే ఈ ప్రమాదం తలనొప్పిగా, కళ్లు తిరగడంగా, వాంతిగా కనిపిస్తుంది. రాత్రి షిఫ్టు చేసేవాడికి తలనొప్పి వస్తే నిద్ర లేకపోవడమనో, ఫ్లూ అనో అనుకుంటాడు. వేలికి పెట్టుకునే మామూలు ఆక్సిమీటర్ కూడా ఇక్కడ మోసం చేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా ఆక్సిజన్ ఉన్న రక్తంగానే చూపిస్తుంది. 1992లో వెర్మాంట్ రాష్ట్రంలో ప్రొపేన్ బర్నిషర్ వల్ల జరిగిన విషవాయు ప్రమాదాన్ని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 1993లో తన వారపత్రికలో ప్రచురించింది. హెచ్చరిక వెలువడి మూడు దశాబ్దాలు దాటింది. ఇక ఎవరూ తెలియదనడానికి వీల్లేదు.

ప్రమాదానికి కారణం పనివాడి అజాగ్రత్తే అన్న వాదనను నేను అసలు ఒప్పుకోను. ఇంజన్ ట్యూన్ చేయించే అధికారం అతనికి లేదు. గాలి యంత్రం మీట అతని చేతిలో లేదు. తలుపు తాళం చాలాసార్లు అతని దగ్గర ఉండదు. 2003 అక్టోబరులో అమెరికా ఫెడరల్ అధికారులు 21 రాష్ట్రాల్లో 60 వాల్‌మార్ట్ దుకాణాల మీద సోదాలు చేసి, రాత్రిపూట శుభ్రం చేసే సుమారు 250 మందిని వలస చట్టాల కింద అరెస్టు చేశారు. దుకాణానికీ, చీపురు పట్టిన మనిషికీ మధ్య కాంట్రాక్టర్లు, వాళ్ల కింద సబ్ కాంట్రాక్టర్లు ఎలా నిలబడతారో ఆ ఉదంతం దేశమంతటికీ చూపించింది. కాగితాలు లేవన్న భయంతో బతికే మనిషి, తల తిరుగుతోందని ఎవరికి చెబుతాడు? చెబితే రేపు పని ఉంటుందా? అతనికి ఒక శిక్షణ వీడియో చూపించి సంతకం తీసుకుని, భద్రత చూశామనుకోవడం బాధ్యతను కింది మనిషి నెత్తిన రుద్దడమే.

సిలిండర్ విషయంలోనూ ఇంతే. ద్రవ ప్రొపేన్ వేడికి బాగా వ్యాకోచిస్తుంది, కాబట్టి ఎనభై శాతానికి మించి నింపకూడదు. చలికాలంలో ఆరుబయట ఎక్కువగా నింపిన సిలిండర్‌ను వెచ్చటి దుకాణంలోకి తెస్తే పీడనం పెరిగి రిలీఫ్ వాల్వ్ తెరుచుకోవచ్చు. అలా వెలువడిన గ్యాస్ గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు. పైకి పోకుండా నేల వెంట పాకుతుంది. గాలిలో సుమారు రెండు శాతం చేరితే చాలు, ఎక్కడో ఉన్న ఫ్రిజ్ మోటారు నిప్పురవ్వకు కూడా అంటుకుంటుంది. జనం తిరిగే భవనాల లోపల ఈ పరిమాణం సిలిండర్లు నిల్వ ఉంచకూడదని అమెరికా అగ్ని భద్రతా సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ రూపొందించిన ఎన్‌ఎఫ్‌పీఏ 58 ప్రమాణం చెబుతుంది. అయినా తెల్లారేలోపు పని ముగించాలన్న తొందరలో సిలిండర్‌తో సహా యంత్రాన్ని వెనక గదిలోకి నెట్టేసేవాళ్లున్నారు. బయట ఇనుప పంజరం పెట్టించాల్సింది దుకాణమే తప్ప పనివాడు కాదు.

ఈ యంత్రాన్ని నిషేధించమని నేను అడగడం లేదు. కొలిచి నడపమంటున్నాను. పొగగొట్టం దగ్గర ఎగ్జాస్ట్ అనలైజర్ పెట్టి క్రమం తప్పకుండా రీడింగ్ తీసి, తేదీతో పుస్తకంలో రాయాలి. నడిపేవాడి చొక్కాకు 35 పీపీఎం దగ్గర మోగే మీటర్ తగిలించాలి. ఇళ్లలో పెట్టే అలారం ఈ పనికి చాలదు; అమెరికా ప్రమాణం ప్రకారం అది 70 పీపీఎం దగ్గర గంట నుంచి నాలుగు గంటల దాకా మోగకుండా ఉండొచ్చు. పని జరిగినంతసేపూ గాలి యంత్రాలు పూర్తిగా నడవాలి. పని అయ్యాక యంత్రాన్ని బయటికి తీసుకెళ్లి, సిలిండర్ వాల్వ్ కట్టి, గొట్టంలో మిగిలిన గ్యాస్ కాలిపోయి ఇంజన్ దానంతట అది ఆగాకే సిలిండర్ విప్పాలి. గాలి మార్చలేని చోట, మనుషులు ఉన్న ఆస్పత్రుల్లో, చిన్న గదుల్లో బ్యాటరీ యంత్రమే వాడాలి. అది నెమ్మదిగా సాగుతుందంటారు. సాగనివ్వండి. నేల మెరుపు ఒక గంట ఆలస్యమైతే ఎవరి ప్రాణమూ పోదు.

అమెరికాలో మనవాళ్లు ఎందరో కిరాణా దుకాణాలు, మోటెళ్లు, గ్యాస్ స్టేషన్లు నడుపుతున్నారు. నేల శుభ్రం చేసే కాంట్రాక్టు మీద సంతకం పెట్టేది వాళ్లే. వాళ్లకు నా విన్నపం ఒక్కటే. ఈసారి కాంట్రాక్టర్ రేటు చెప్పినప్పుడు, బేరమాడే ముందు ఇంజన్ రీడింగ్ పుస్తకం చూపించమనండి. చూపించలేకపోతే ఆ యంత్రాన్ని మీ గుమ్మం దాటి లోపలికి రానివ్వకండి.