ఈ కార్తీకంలో మద్కూ దీవికి వెళదాం, ఆ ఒక్క దీవికే

తిల్దా, నేవరా, బైకుంఠ్‌లలో ఉంటున్న తెలుగు కుటుంబాలకు,

వినాయక చవితి చందా లెక్కలు ఇంకా తేలలేదు, అప్పుడే వనభోజనాల మాట మొదలైంది. ఈసారి బస్సు ఎక్కడికని కొందరు, ఎన్ని చోట్లు తిప్పుతారని ఇంకొందరు అడుగుతున్నారు. ఆ రెండో ప్రశ్న మానేద్దామని చెప్పడానికే ఈ కాగితం అచ్చు వేయించాం.

పోయినసారి సంగతి గుర్తుచేసుకోండి. ఆరింటికి అనుకున్న బస్సు ఏడున్నరకు కదిలింది. దామాఖేడా కబీర్‌పంథీ పీఠం దగ్గర అరగంట అనుకున్నది గంటన్నర అయింది. నాందఘాట్ వంతెన దగ్గర టీలు. ముందు తాలా చూసేసి, వెనక్కి వస్తూ మద్కూలో దిగుదామని ఎవరో అన్నారు, ఎవరూ కాదనలేదు. ఆపైన రతన్‌పూర్ మహామాయ గుడి కూడా జాబితాలో ఉంది, దాని పొలిమేర కూడా తొక్కలేదు. మద్కూ ఉన్న శివనాథ్ నది ఒడ్డుకు చేరేసరికి నాలుగు దాటింది. కార్తీకంలో ఇక్కడ అయిదుంబావుకల్లా పొద్దు వాలుతుంది. పడవవాడు రెండు విడతలు తిప్పి, మూడో విడతకు చెయ్యి అడ్డంగా ఊపాడు. అతను చేసింది సబబే. ఒడ్డున మిగిలిపోయినవాళ్లలో అత్తయ్యగారు ఉన్నారు. రైల్వే క్వార్టర్లలో మనందరికంటే ముందునుంచి ఉన్న మనిషి. చెప్పులు చేతబట్టుకుని, చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, ఎక్కడానికి సిద్ధంగా నిలబడి ఉన్నారు. తర్వాత చెప్పులు మళ్లీ తొడుక్కుని బస్సులో కూర్చున్నారు. ఒక్క మాటా అనలేదు. పులిహోర పులిసిపోయిందని మనమే గోల చేశాం.

ఇదే తంతు ఖరీదుగా జరిగితే ఎలా ఉంటుందో ఈ మధ్య మాలో ఒకరి ఇంట్లో విన్నాం. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న వాళ్ల అబ్బాయి కరేబియన్ సముద్రంలో ఓడయాత్ర చేసి వచ్చాడట. వారం రోజులు, అయిదు దీవులు. ఓడ పొద్దున్న లంగరు వేస్తుంది, సాయంత్రం ఎత్తేస్తుంది. ఈలోపు బస్సులో ఒక చుట్టు, బీచిలో ఒక మునక, అంగట్లో ఒక టోపీ. ఆ దీవుల్లో గ్వాడెలోప్ ఒకటి. మన దేశం నుంచి కూలీలతో మొదటి ఓడ అక్కడికి చేరింది 1854 డిసెంబరు 24న. తర్వాతి ముప్పై అయిదేళ్లలో 42,000 మంది దాకా వెళ్లారు. ఎక్కువమంది తమిళులు, వాళ్లతోపాటు తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల మనవల మనవలు ఇప్పటికీ అక్కడ గుళ్లు కట్టి మారియమ్మను కొలుస్తున్నారు. ఈ కుర్రాడికి ఆ సంగతి ఓడలో ఎవరూ చెప్పలేదు. తెలుసుకుని వెళ్లాలని ఇతనికీ తోచలేదు. ఫోనులో నాలుగు వందల ఫొటోలున్నాయి. ఏ ఫొటో ఏ దీవిదో మాత్రం అతనే తడుముకున్నాడు. నవ్వుకున్నాం గానీ, మన పోయినేటి ఫొటోల్లో దామాఖేడా ఏదో, తాలా ఏదో మనలో ఎందరు చెప్పగలరు?

మనకు కరేబియన్ అక్కర్లేదు. దీవి మన గుమ్మంలోనే ఉంది. రాయపూర్ పక్కనుంచి వచ్చే ఖారూన్ నది మన తిల్దా వైపు లఖ్నా ఊరి దగ్గర, సోమనాథ్ గుడి ఉన్న చోట, శివనాథ్‌లో కలుస్తుంది. ఆ నీళ్లే కిందికి పారి, మద్కూ దగ్గర రెండు పాయలుగా చీలి, నడుమ ఇరవైనాలుగు హెక్టార్ల నేలను వదిలి, మళ్లీ ఒకటవుతాయి. మన లెక్కలో దాదాపు అరవై ఎకరాలు. పైనుంచి చూస్తే కప్ప ఆకారమట, అందుకే మండూకం మద్కూ అయిందంటారు. మాండూక్యోపనిషత్తు పుట్టింది ఇక్కడేనని ఊరివాళ్ల నమ్మకం. రుజువు అడిగితే మా దగ్గర లేదు, కానీ ఆ చెట్ల నీడన కూర్చుంటే కాదనాలనీ అనిపించదు.

రుజువున్నది చెప్పుకుందాం. 2011లో పురావస్తు శాస్త్రవేత్త అరుణ్‌కుమార్ శర్మ ఆధ్వర్యంలో అక్కడ తవ్వకాలు జరిగాయి. తర్వాత 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మట్టి తీసేసరికి ఒకే వరసలో పంతొమ్మిది గుళ్ల ఆనవాళ్లు బయటపడ్డాయి. రతన్‌పూర్ కలచురుల కాలపువి, పదో పదకొండో శతాబ్దానివి. పడిపోయిన రాళ్లను పోల్చి, ఏది ఎక్కడిదో చూసుకుని, మళ్లీ పేర్చి నిలబెట్టారు. పంతొమ్మిదిలో పద్దెనిమిది తూర్పు ముఖం. ఒక్కటే పడమటికి తిరిగి ఉంటుంది. అదెక్కడుందో వెతకమంటే చాలు, పిల్లలు గంటసేపు ఫోను ముట్టరు. ఒకే పీఠం మీద అయిదు లింగాలు చెక్కిన స్మార్తలింగాలూ ఉన్నాయి. శివుడు, విష్ణువు, అమ్మవారు, సూర్యుడు, గణపతి, అయిదుగురినీ ఒక్కచోట కొలిచే పద్ధతి. ఇంట్లో పంచాయతన పూజ చూసిన పెద్దవాళ్లు మనలో ఉన్నారు. ఆ రాయి ముందు నిలబడి వాళ్లు నాలుగు మాటలు చెబితే బోర్డు మీద రాసిన దానికంటే బాగా ఎక్కుతుంది.

నాగార్జునకొండ చూసినవాళ్లకు ఇదంతా కొత్తగా ఉండదు. అక్కడ 1954 నుంచి 1960 దాకా తవ్వి, సాగర్ నీళ్లలో మునిగిపోయే కట్టడాలను కొండ మీదికి చేర్చి మళ్లీ నిలబెట్టారు. అక్కడికి వెళ్లేవాళ్లు లాంచీ వేళలు కనుక్కునే బయల్దేరతారు, ఎందుకంటే లాంచీ తప్పితే కొండ లేదు. మద్కూకి మనం టైమ్‌టేబుల్ లేనట్టు వెళ్లాం. నదికి టైమ్‌టేబుల్ ఉంటుంది, అచ్చు వేసి గోడకు అంటించరంతే.

కాస్త కష్టమైన మాట చెప్పాలి. 2017 నవంబరు 12, కార్తీకమాసపు ఆదివారం. ఒంగోలు నుంచి విహారానికి వచ్చినవాళ్ల పడవ విజయవాడ దగ్గర కృష్ణలో, పవిత్ర సంగమం చేరబోతుండగా తిరగబడింది. ఇరవై మందికి పైగా పోయారు. పొద్దు వాలే వేళ, నిండా ఎక్కిన పడవ, ఒంటి మీద లైఫ్‌జాకెట్లు లేవు. రెండేళ్లకు, 2019 సెప్టెంబరు 15న, అదీ ఆదివారమే, పాపికొండలు చూడబోయిన పడవ వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగింది. ధర్మాడి సత్యం బృందం ఆ పడవను బయటికి లాగేసరికి అక్టోబరు 22 వచ్చింది. శివనాథ్ గోదావరి అంత కాదని మీరనవచ్చు. నిజమే. మద్కూ పాయ వెడల్పూ కొంచెమే. కానీ ఆ రెండు రోజుల్లోనూ పడవెక్కినవాళ్లు మనలాంటివాళ్లే, పులిహోర కట్టుకుని పిల్లల్ని వెంటేసుకుని వచ్చినవాళ్లే. పోయినసారి నాలుగు దాటాక మూడో విడత కూడా తిప్పమని ఆ పడవవాణ్ణి మనలో ఇద్దరు ముగ్గురు గట్టిగానే నిలదీశారు. ఎవరో వాళ్లకు తెలుసు.

అందుకని మేం అడుగుతున్నది ఇది.

ఈసారి ఒక్క మద్కూకే వెళదాం. దామాఖేడా, తాలా దారిలోవే కదా అనొద్దు. దామాఖేడాలో మాఘమాసంలో పెద్ద మేళా జరుగుతుంది, అప్పుడు దానికోసమే వెళితే కబీరు మాట విన్నట్టు ఉంటుంది. తాలాకు మరో ఆదివారం. అక్కడి రుద్రశివుడి విగ్రహం తొమ్మిదడుగులు. ముక్కు బల్లి, మీసాలు చేపలు, గడ్డం పీత. ఒంటినిండా జంతువులు, మనిషి ముఖాలు. అటువంటిదాన్ని బస్సు హారన్ కొడుతుండగా చూసి రావడం మనకే నామర్దా.

తేదీ సంగతి. కార్తీక పున్నమినాడు నదీస్నానాలకు ఛత్తీస్‌గఢీ పల్లెలన్నీ కదులుతాయి, ఆరోజు మనం వెళ్లి వాళ్లకు అడ్డం పడొద్దు. పున్నమి దాటాక వచ్చే ఆదివారం పెట్టుకుందాం. అప్పటికి నది ఇంకాస్త తగ్గుతుంది. ఇక దారి చూపేవాళ్ల సంగతి. ఫిబ్రవరిలో ఇదే దీవిలో క్రైస్తవుల మేళా జరుగుతుంది. 1909 నుంచి నడుస్తోందది. శివుడి గుళ్లున్న దీవిలో నూరేళ్లకు పైగా గుడారాలు వేసుకుని ప్రార్థనలు చేసుకుంటున్నారు. మన ఊళ్లో మిషన్ ఆసుపత్రిలో పనిచేసే తెలుగు కుటుంబాలవాళ్లు ఉంటే, ఆ మేళా చూసినవాళ్లుంటే, ఈ ప్రయాణానికి పెద్దలుగా వాళ్లే రావాలి. దీవిలో దారులు వాళ్లకు తెలిసినంత మనకు తెలియవు.

వారం ముందు ఇద్దరు మోటారు సైకిల్ మీద వెళ్లి చూసి రావాలి. సిమగా మీదుగా హైవే ఎక్కి, బైతల్‌పూర్ దగ్గర లోపలికి తిరిగితే సుమారు నాలుగు కిలోమీటర్లు. నీళ్లు ఎంత ఉన్నాయి, నడిచి దాటొచ్చా, పడవ కావాలా, పడవలో ఎందరిని ఎక్కిస్తారు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఎక్కడ, ముసలివాళ్లు కూర్చోవడానికి నీడ ఎక్కడ. ఇవి కనుక్కుని కాగితం మీద రాసుకుని రావాలి. గూగుల్ చూసి చెబుతాం అనేవాళ్లను ఈ పనికి పంపం.

బయల్దేరేది ఆరింటికే. ఏడు నిమిషాలు ఆలస్యమైనవాళ్ల కోసం ఏడు నిమిషాలు ఆగుతాం, అరగంట ఆగం. తొమ్మిదికల్లా దీవిలో ఉంటే ఎండ ముదరకముందే గుళ్లు చూస్తాం. పన్నెండున్నరకు భోజనాలు. ఆ తర్వాత ఏ కార్యక్రమమూ పెట్టలేదు, కావాలనే పెట్టలేదు. అంత్యాక్షరి మైకు కూడా వద్దు. మూడింటికి తిరుగు పడవలు మొదలు, ముందు పెద్దవాళ్లు, పిల్లలు. నాలుగుకల్లా అందరం ఇవతలి ఒడ్డున ఉండాలి.

మనకు ఉమ్మడి గుండిగలున్నాయి, ఉమ్మడి షామియానా ఉంది, చవితికి మైకు సెట్టు కూడా కొన్నాం. ఉమ్మడి లైఫ్‌జాకెట్లు ఎందుకు ఉండకూడదు? చందాలో మిగిలిన డబ్బుతో పది కొందాం, అందులో నాలుగు పిల్లల సైజువి. పడవ ఒక విడతకు పదిమందే ఎక్కుతారు, జాకెట్లున్నంతమందే. పడవవాడికి ఎక్కువ విడతలు పడతాయి, ఎక్కువ డబ్బు ఇద్దాం. బేరం ముందే ఆడి, రోజంతటికీ అతన్నే మాట్లాడుకుందాం.

విస్తళ్ల దగ్గర మనవాళ్లు ఒక పొరపాటు చేస్తున్నారు. థర్మాకోల్ పళ్లేలు చవకని కొంటున్నారు. ఇక్కడ సంతలో మాహుల్ ఆకు దొన్నెలు, విస్తళ్లు దొరుకుతాయి. ఆ మాహుల్ అంటే ఏమిటో తెలుసా? మన శ్రీకాకుళం, విశాఖ మన్యంలో అడ్డాకు అనేది అదే. అత్తయ్యగారి పెళ్లిలో అందరూ తిన్నది ఆ ఆకులోనే అయ్యుంటుంది. తిన్నాక ఎంగిలి ఆకులన్నీ మళ్లీ బస్సులోకే, దీవిలో ఒక్కటీ వద్దు. నీళ్ల సీసాలు, గుట్కా పొట్లాలు చెప్పనే అక్కర్లేదు. గుట్కా నమిలేవాళ్లు ఆ ఒక్కరోజు ఇంటి దగ్గరే ఉన్నా అభ్యంతరం లేదు.

ఉసిరి చెట్టు కింద తినాలన్నది ఆచారం. అక్కడ ఉసిరి ఎక్కడుందో వెతుకుతూ కూర్చోకుండా, కుండీలో మొక్క పట్టుకెళదాం. తిరిగొచ్చాక దాన్ని ఎవరింట్లోనైనా నాటుకోవచ్చు. దీపాలు వెలిగించాలనుకునే ఆడవాళ్లకు ఒక మనవి. నది ఒడ్డున ఆకు దొన్నెల్లో వెలిగించండి, గుళ్ల రాళ్ల మీద మాత్రం ప్రమిదలు పెట్టొద్దు. ఇసుకరాయి నూనె పీల్చుకుంటుంది, ఆ మరక పోదు. కుంకుమా అంతే. భక్తి తక్కువై చెప్పడం లేదు, వెయ్యేళ్ల నాటి, మట్టిలో దాక్కుని బతికిన రాయి గురించి చెబుతున్నాం.

పనిలో పనిగా ఒక అర్జీ కూడా ఇద్దాం. దీవి మన రాయపూర్ జిల్లాలో లేదు, ముంగేలీ జిల్లాలో ఉంది. భాటాపారా వైపు నుంచి వచ్చేవాళ్లది బలౌదాబాజార్ జిల్లా. ఆ రెండు జిల్లాలూ 2012లో ఏర్పడినవే. నది సరిహద్దు కావడంతో ఎవరిని అడగాలో తెలియక ఎవరూ ఎవరినీ అడగరు. ముంగేలీ కలెక్టరు గారికి హిందీలో ఒక పేజీ రాశాం. ఒడ్డున నీటిమట్టం చూపే కర్ర, పడవకు ఎందరో రాసిన బోర్డు, లైఫ్‌జాకెట్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి. ఈ నాలుగే అడిగాం. సంతకాలకు ఇంటింటికీ తెస్తాం. పక్కింటి ఛత్తీస్‌గఢీవాళ్ల చేత కూడా చేయించండి, దీవి మనకంటే ముందు వాళ్లది. వాళ్లను భోజనాలకూ పిలవండి, గోంగూర రుచి చూపించి ఎన్నాళ్లయింది?

మన పిల్లల్లో సగంమందికి ఈ కాగితం చదవడం రాదు. రాత్రి భోజనాలయ్యాక తాతయ్యో నానమ్మో చదివి వినిపించండి. పడమటి గుడి సంగతి మాత్రం ముందే చెప్పేయకండి.

తలకు మూడు వందలు, పన్నెండేళ్లలోపు పిల్లలకు సగం. పేర్లు దీపావళి లోపు ఇవ్వాలి. పడవలో ఎవరు ఏ విడతో అప్పుడే రాసేస్తాం. మొదటి విడతలో మొదటి పేరు అత్తయ్యగారిది, అది ఇప్పటికే రాసి ఉంది.