దేవుడికి పిల్లనిచ్చినోళ్లకు చట్టంలో జాగా లేదా?

కనుమ పండగ నాడు దిగువ అహోబిలంలో స్వామి పార్వేటకు బయలుదేరతాడు. పల్లకీ కదిలే ముందు చెంచులు వచ్చి దాని వైపు బాణాలు వేస్తారు. మా ఆడబిడ్డను చేసుకున్నావు, మాకు చెప్పకుండా ఎక్కడికి పోతావని అల్లుణ్ణి నిలేసినట్టుంటుంది ఆ బాణం. ఆ తర్వాత నెలన్నర పాటు స్వామి ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి, నా పెళ్లికి రండని జనాన్ని పిలుస్తాడు. దేవుడే ఊరూరా తిరిగి పిలిచే పెళ్లి ఇంకెక్కడుంది? ఓబులేసు, ఓబులమ్మ అనే పేర్లు లేని ఊరు సీమలో వెతికినా దొరకదు.

ఆ పెళ్లికూతురు చెంచులక్ష్మి. ఆమె కథను హరికథగా విన్నాం, 1958లో అంజలీదేవి, అక్కినేని వేసిన సినిమాగా చూశాం. బాణం వేసి గూడేనికి తిరిగిపోయే చెంచు గురించి మాత్రం ఎవరూ అడగరు. పార్వేట నాడు ఆ విల్లు సంప్రదాయం. మర్నాడు అదే విల్లు భుజాన వేసుకొని అనుమతి లేకుండా అభయారణ్యంలో అడుగు పెడితే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. మనిషీ అతనే, విల్లూ అదే. మధ్యలో ఒక్క రాత్రి.

జాతి వివక్ష అంటే మనవాళ్లకు తెల్లోడు, నల్లోడు గుర్తొస్తారు. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒక తెల్ల దురహంకారి కాల్చి చంపాడు. నా దేశం విడిచి పొమ్మని అరిచి మరీ చంపాడు. ఆ రోజు తెలుగు నేలంతా కుమిలింది. కుమలాల్సిందే. అయితే మా ప్రశ్న ఒకటుంది. పుట్టి పెరిగిన అడవిలోనే నిలబడ్డ మనిషిని ఇది నీది కాదు, బయటికి నడువు అంటే దాన్ని ఏమని పిలవాలి? అక్కడ తుపాకీ పట్టిన ఉన్మాది అన్నాడు. ఇక్కడ కాగితం మీద ముద్ర వేసి ప్రభుత్వం అంటుంది.

2001లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జాతి వివక్ష మీద ప్రపంచ సదస్సు జరిగింది. కులవివక్షను కూడా చర్చించాలని దళిత సంఘాలు అక్కడికి వెళ్లి పోరాడాయి. కులం వేరు, జాతి వేరు, ఇది మా ఇంటి విషయం అని భారత ప్రభుత్వం అడ్డుపడింది. మన భాషలో జాతి అనే మాట రెండింటికీ చెల్లుతుందన్న సంగతి ఢిల్లీ పెద్దలకు తెలియదు కాబోలు! పుట్టుకను బట్టి మనిషిని కిందికి తొక్కడం కూడా జాతి వివక్షేనని ఆ మరుసటి ఏడాది, 2002లో, ఐక్యరాజ్యసమితి కమిటీయే తేల్చి చెప్పింది.

చెంచు మెడ మీద ఈ కాడి ఎప్పుడు పడింది? నల్లమల చెంచులు ఒకరి కింద బతికినవాళ్లు కారు. తేనె, గడ్డలు, వేట. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తెల్లదొరల మీద తిరగబడ్డప్పుడు ఆయన వెంట బోయలతో పాటు చెంచులూ నడిచారు, నల్లమల ఆయన్ను కడుపులో దాచుకుంది. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ను ఉరి తీశారు. మనం ఆయనకు విగ్రహాలు కట్టుకున్నాం, మంచిదే. వెంట నడిచినవాళ్ల మనవళ్లకు ఏమిచ్చాం? 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి సర్కారుదైంది. నిన్నటిదాకా ఇల్లుగా ఉన్నది ఒక్కసారిగా రిజర్వు ఫారెస్టు అయింది. సీమలోని ఎరుకలను, దొంగ దాసరులను నేరస్త జాతుల చట్టం కింద పుట్టుకతోనే దొంగలని రాసుకున్నారు. సిద్ధాపురం, స్టూవర్టుపురం సెటిల్‌మెంట్లలో హాజరు వేయించుకుంటూ బతకమన్నారు. స్వతంత్రం వచ్చాక, 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. రాత పోలేదు. జైలు మాన్యువళ్లలో ఈ జాతుల మీద మిగిలిన వివక్షను కొట్టేయడానికి 2024 అక్టోబరు దాకా సుప్రీంకోర్టు తీర్పు కోసం చూడాల్సి వచ్చిందంటే ఏమనుకోవాలి?

ఇక అసలు సంగతికి వద్దాం. నల్లమల ఒకటే కొండ. కృష్ణమ్మ దాన్ని రెండుగా కోసింది. అవతలి ఒడ్డున అమ్రాబాద్ చెంచులు, ఇవతలి ఒడ్డున శ్రీశైలం, ఆత్మకూరు, అహోబిలం చెంచులు. ఒకే మాట, ఒకే దేవుళ్లు, ఇచ్చిపుచ్చుకునే చుట్టరికాలు. అవతలి గూడేలు రాజ్యాంగం ఐదో షెడ్యూలులో ఉన్నాయి. 1950లో షెడ్యూల్డు ప్రాంతాలను ప్రకటించినప్పుడు నైజాం వైపు నల్లమల అందులో చేరింది. మద్రాసు వైపు నల్లమల చేరలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వచ్చినా చేరలేదు. 2014లో రాష్ట్రం విడిపోయినా చేరలేదు. రాయలసీమ మొత్తం మీద ఒక్క సెంటు షెడ్యూల్డు ప్రాంతం లేదు.

దీని వల్ల ఏం నష్టమని అడిగేవాళ్లుంటారు. గిరిజనుడి భూమి గిరిజనేతరుడి చేతికి పోకుండా కాపాడే 1/70 చట్టం షెడ్యూల్డు ప్రాంతానికే వర్తిస్తుంది. బైర్లూటి చెంచుకు, నాగలూటి చెంచుకు, అహోబిలం చెంచుకు అది లేదు. గ్రామసభను అడక్కుండా భూసేకరణ చెయ్యరాదని చెప్పే 1996 పెసా చట్టం లేదు. గిరిజన భూమిని ప్రైవేటు గనులకు లీజుకు ఇవ్వరాదని 1997లో సమతా కేసులో వచ్చిన తీర్పు రక్షణ కూడా లేదు. విశాఖ మన్యంలో గిరిజనుడు కోర్టు మెట్లెక్కి చూపించగల కాగితం మన చెంచు చేతిలో లేదు. మనిషి అడవిలోనే ఉన్నాడు, అతని అడవి మాత్రం చట్టం కంటికి మైదానం!

చెంచులను అత్యంత వెనుకబడిన ఆదిమ తెగగా కేంద్రం గుర్తించి యాభై ఏళ్లవుతోంది. 2011 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో వాళ్లు 64 వేల పైచిలుకు. వాళ్ల కోసమే శ్రీశైలంలో ఐటీడీఏ ఉంది. పథకాలు వస్తుంటాయి, ఇళ్లు కడుతుంటారు, ఫొటోలు దిగుతుంటారు. మేము పథకాలకు అడ్డం కాదు. కాని పథకం దయ, చట్టం హక్కు. దయ చూపించే చేయి ఎప్పుడైనా వెనక్కి పోతుంది.

షెడ్యూలు లేకపోయినా వర్తించే చట్టం ఒకటుంది, 2006 అటవీ హక్కుల చట్టం. దాంట్లో ఆదిమ తెగలకు ఆవాస హక్కు అనే ప్రత్యేకమైన హక్కు రాసి ఉంది. ఎకరం, రెండెకరాల పట్టా ముక్క కాదది. తేనె తీసే కొండచరియ, గడ్డలు తవ్వే లోయ, దేవుడున్న బండ, పూర్వీకుల దారి, అన్నీ కలిపిన మొత్తం బతుకు మీద హక్కు. మధ్యప్రదేశ్‌లోని డిండోరి జిల్లాలో బైగా తెగవాళ్లు దీన్ని సాధించుకున్నారు. పావన నరసింహుడి కోన చెంచు ఆవాసం కాదని చెప్పగల మొనగాడెవడైనా ఉన్నాడా? స్థల పురాణమే సాక్ష్యం చెబుతుంటే వేరే రుజువెందుకు? పులుల అభయారణ్యం నుంచి ఎవరినైనా తరలించాలంటే ముందు ఈ హక్కులు తేల్చాలి, ఆ మనుషులు మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. ఇది చట్టంలో ఉన్న మాటే. గూడెంలో ఆ మాట ఎందరికి చెప్పారు?

పాలకులను తిట్టి ఊరుకుంటే మా పని సగమే అవుతుంది. మిగతా సగం మన ముఖం అద్దంలో చూసుకోవడం. 1937 నవంబరు 16న రాసుకున్న శ్రీబాగ్ ఒడంబడికను మనం నోరు తెరిస్తే ఎత్తుతాం. నీళ్లలో మొదటి హక్కు, విశ్వవిద్యాలయం, రాజధానో హైకోర్టో, సీట్లలో సమానం. న్యాయమైనవే. ఆ కాగితంలో చెంచు ఊసుందా? మన సభల్లో, మన కరపత్రాల్లో, మన పాదయాత్రల దారిలో ఎన్ని గూడేలున్నాయి? శ్రీశైలం నీళ్లలో మన ఊళ్లు మునిగినప్పుడు, 1981లో, కట్టుబట్టలతో బయటపడ్డ కడుపుకోత మనకు తెలుసు. తెలిసినవాళ్లమే పక్కవాడి గూడెం గురించి మాట్లాడకపోతే మన ఆత్మగౌరవం మాటను ఎవడు నమ్ముతాడు? రేపు సీమ తన కాళ్ల మీద తాను నిలబడితే, ఆ సీమలో చెంచు కూడా ఇట్లాగే పల్లకీ పక్కన నిలబడి బాణం వేసి పోవాలా?

ఐదో షెడ్యూలులో కొత్త ప్రాంతాన్ని చేర్చే అధికారం రాష్ట్రపతిది. రాష్ట్ర ప్రభుత్వం కదలనిదే ఆ ఫైలు కదలదు. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లాను కొత్తగా గీసినప్పుడు గీత మార్చడం ప్రభుత్వానికి ఎంత తేలికో చూశాం. నల్లమల గూడేల చుట్టూ ఇంకో గీత గీయమనే మా డిమాండు. దాంతో పాటే ఆవాస హక్కు కోసం గూడెం గూడెంలో గ్రామసభ పెట్టి, చెంచు పెద్దలే హద్దులు చెప్పగా రాసుకోవాలి. చదువుకున్న మన కుర్రాళ్లు దరఖాస్తు నింపడానికైనా గూడేలకు పోవాలి. నాయకత్వం చెయ్యడానికి కాదు, రాసిపెట్టడానికి.

వచ్చే కనుమకు మేము అహోబిలంలో ఉంటాం. మైకు పట్టుకోం. బాణం వేసి పక్కకు జరిగిన పెద్దమనుషుల దగ్గర కూర్చుంటాం, మొదటి దరఖాస్తు కాగితం చంకలో పెట్టుకొని. ఆళ్లగడ్డ, రుద్రవరం, ఆత్మకూరు వైపు నుంచి వచ్చే మిత్రులు తలా నాలుగు తెల్లకాగితాలు, ఒక ఇంకుప్యాడు తెచ్చుకోండి. వేలిముద్రలకు పనికొస్తుంది.