తెలుగు వెబ్ పుటల అమరిక: ప్రమాణాలు, బ్రౌజర్ల తేడాలు

వెబ్ ప్రమాణాలు అనగా ఒకే పుట ఏ కంప్యూటరులోనైనా, ఏ బ్రౌజరులోనైనా ఒకే విధంగా అర్థమయ్యేందుకు అందరూ అంగీకరించిన నియమాలు. పుటలోని విషయాన్ని హెచ్‌టీఎమ్‌ఎల్ చెబుతుంది. ఆ విషయం కంటికి ఎలా కనబడాలో, అనగా ఖతి, రంగు, వెడల్పు, వరుసల మధ్య దూరం వంటివాటిని సీఎస్‌ఎస్ చెబుతుంది. సీఎస్‌ఎస్ నియమాలను 1994లో టిమ్ బెర్నర్స్-లీ స్థాపించిన వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం రూపొందిస్తుంది. సీఎస్‌ఎస్ తొలి ప్రమాణం 1996 డిసెంబరులోను, రెండవది 1998 మేలోను వెలువడ్డాయి. రెండవదానిలోని లోపాలను సవరించిన 2.1 సంచిక 2011 జూన్‌లో గాని పూర్తి ప్రమాణం కాలేదు. ఆ మధ్యకాలంలో ఒక్కొక్క బ్రౌజరు ఒక్కొక్క విధంగా ప్రవర్తించినది. తెలుగు పుటలకు ఇది రెండింతల చిక్కు, ఎందుకంటే అమరిక ప్రమాణంతో పాటు లిపి ప్రమాణం కూడా అదే కాలంలో కుదురుకుంటూ వచ్చినది.

ఊరిపేర్లతో ఒక పరీక్ష

తెలుగు లిపి విషయంలో బ్రౌజరు ఏమి చేయవలసి ఉంటుందో తెలిసికొనడానికి శ్రీకాకుళం, విజయనగరం అనే రెండు పేర్లు చాలు. విజయనగరంలో ఒక్క ఒత్తు కూడా లేదు. యూనికోడ్‌లో దీనికి ఎనిమిది సంకేతాలు, కంటికి ఆరు అక్షరాలు. 'వి'లో గుడి సరిగా అతుక్కుంటే, చివరి సున్న కుదిరితే పని పూర్తయినట్లే. శ్రీకాకుళం అలా కాదు. పది సంకేతాలు నాలుగు అక్షరాలుగా మారాలి. అందులో మొదటి అక్షరం 'శ్రీ' ఒక్కటే నాలుగు సంకేతాల కలయిక: శకారం, పొల్లు, రకారం, దీర్ఘపు గుడి. వీటిని కలిపి ఒకే రూపంగా గీయడం బ్రౌజరు ఒక్కదాని పని కాదు. దాని వెనుక అక్షరాలను కూర్చే యంత్రాంగం ఒకటి, అందుకు తగిన ఖతి ఒకటి ఉండాలి. అవి లేనిచోట శకారం పక్కన పొల్లు, ఆ పక్కన 'రీ' విడివిడిగా కనిపిస్తాయి.

ఎత్తుకు కూడా ఇక్కడి ఊర్లే ఉదాహరణలు. బొబ్బిలిలోని 'బ్బి'కి పైన గుడి, కింద ఒత్తు ఉన్నాయి. ఇచ్ఛాపురంలోని 'చ్ఛా' కిందికి బాగా దిగుతుంది. చీపురుపల్లి, టెక్కలి, నరసన్నపేట, పార్వతీపురం పేర్లలోనూ వరుస అడుగున ఒత్తుకు చోటు కావాలి. ఇంగ్లీషు అక్షరాల ఎత్తును మనసులో ఉంచుకొని గీసిన పెట్టెలో ఈ చోటు ఉండదు. ఒత్తు తెగిపోతే బొబ్బిలి 'బొబిలి' అవుతుంది, టెక్కలి 'టెకలి' అవుతుంది. ఇంగ్లీషులో అక్షరం అడుగున కొంచెం తెగినా పదం పోల్చుకోవచ్చు. తెలుగులో తెగినది ఒక హల్లు.

సొంత ఖతుల కాలం

యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి తొలి సంచికలోనే స్థానం లభించినది. అయినా సామాన్యుల కంప్యూటర్లలో అది కనబడడానికి పదేళ్ళు పట్టినది. విండోస్‌లో తెలుగు 2001 నాటి ఎక్స్‌పీతో, గౌతమి ఖతితో వచ్చినది. అప్పుడు కూడా కంట్రోల్ ప్యానెల్‌కు పోయి, సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, సీడీ వేసి, యంత్రాన్ని తిరిగి ప్రారంభిస్తేనే గుణింతాలు కుదిరేవి. ఊరి ఇంటర్నెట్ కేంద్రంలో గంటకింత చెల్లించి కూర్చునే విద్యార్థికి ఆ సెట్టింగు మార్చే అధికారమే ఉండేది కాదు.

ఈ లోపల తెలుగు దినపత్రికలు తమ తమ సొంత ఖతులతో వెబ్‌లోకి వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాల సంకేతస్థానాలలో తెలుగు అక్షర ఖండాలను పెట్టి, ఆ ఖతిని పుటతోపాటు పంపేవారు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 1997 నాటి నాలుగవ సంచిక నుండి ఇట్లా వచ్చిన ఖతిని స్వీకరించేది. నెట్‌స్కేప్ పద్ధతి వేరు. ఫైర్‌ఫాక్స్‌లో ఈ రెండూ పనిచేయక, పుట నిండా అర్థం లేని లాటిన్ అక్షరాలు కనిపించేవి. ఒక పత్రిక ఖతితో మరొక పత్రిక చదవడం సాధ్యం కాదు. వెదకుయంత్రాలకు అది తెలుగని కూడా తెలియదు.

నాటి పరిస్థితిలో దీనిని తప్పని కొట్టివేయలేము. టెలిఫోను తీగ మీద నడిచే ఇంటర్నెట్‌కు పుట చిన్నదిగా ఉండాలి. యూనికోడ్‌ను యూటీఎఫ్-8లో రాస్తే ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. శ్రీకాకుళం అన్న మాటకే ముప్పై. కాని నష్టం తరువాత తెలిసినది. ఖతి అందుబాటులో లేకపోయిన రోజున ఆ వార్తలు కంప్యూటరులో ఉన్నా చదవడానికి వీలులేనివయ్యాయి. ఈ పుటలను యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి వెన్న నాగార్జున 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింతను తయారు చేశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను ప్రారంభించినదీ ఆయనే. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు ఆ దశలో యూనికోడ్ తెలుగుకు పెద్ద ఆధారమయ్యాయి.

ఎక్స్‌ప్లోరర్ 6, పెట్టె లెక్క

2001లో వచ్చిన ఎక్స్‌ప్లోరర్ 6ను 2000ల తొలి సంవత్సరాలలో ప్రపంచమంతటా అత్యధికులు వాడేవారు. తరువాతి సంచిక 2006 అక్టోబరు వరకు రాలేదు. పోటీ లేనప్పుడు లోపాలు సవరించే తొందర ఉండదు.

అన్నిటికంటె ఎక్కువ తలనొప్పి తెచ్చినది పెట్టె వెడల్పు లెక్క. వెడల్పు 200 పిక్సెళ్ళు, లోపలి ఖాళీ ఇరువైపులా 20 చొప్పున, గీత మందం 1 చొప్పున ఉన్న పెట్టె తెరపై ఎంత చోటు తీసుకోవాలి? ప్రమాణం ప్రకారం 242. ఎక్స్‌ప్లోరర్ 5 లెక్కలో మొత్తం 200 మాత్రమే. ఆరవ సంచిక ప్రమాణాన్నే పాటించినా, పుట మొదట డాక్‌టైప్ ప్రకటన లేకపోతే లేదా దానికి ముందు మరొక వరుస ఏదైనా ఉంటే పాత లెక్కకు తిరిగి పోయేది. దీనికి తోడు, ఎడమకు తేల్చిన పెట్టెకు అదే వైపున ఉన్న 10 పిక్సెళ్ళ అంచును 20గా చూపే దోషం ఒకటి ఉండేది. మొత్తం వెడల్పు పుటను మించగానే రెండవ నిలువు వరుస కిందికి జారిపోయేది. పక్కన ఉండవలసిన విషయసూచిక వ్యాసం అడుగున దర్శనమిచ్చేది. మార్గాలు లేకపోలేదు. తేల్చిన పెట్టెను 'ఇన్‌లైన్' అని ప్రకటిస్తే రెట్టింపు అంచు పోయేది. ఎక్స్‌ప్లోరర్ మాత్రమే చదివే షరతు వ్యాఖ్యలలో వేరే సీఎస్‌ఎస్ ఇచ్చేవారు. పదవ సంచిక ఆ వ్యాఖ్యలను చదవడం మానివేసినది.

తెలుగుకు వచ్చేసరికి ఒక వింత జరిగినది. పెట్టె ఎత్తు 20 పిక్సెళ్ళని రాసి, అందులో అంతకంటె ఎత్తయిన వరుస పెడితే, ప్రమాణం ప్రకారం పెట్టె పెరగకూడదు, అక్షరాలు బయటకు పొంగాలి. ఎక్స్‌ప్లోరర్ 6 మాత్రం నియమం తప్పి పెట్టెనే పెంచేది. కనుక ఇంగ్లీషు కొలతలతో చేసిన తెలుగు పుట ఆ బ్రౌజరులో ముచ్చటగా ఉండి, నియమం పాటించిన ఫైర్‌ఫాక్స్‌లో వరుస మీద వరుస ఎక్కి కనిపించేది. చూచినవారు తప్పు ఫైర్‌ఫాక్స్‌దే అనుకొనేవారు. అసలు దోషం ఎత్తును బిగించినవారిది. అయితే ఫైర్‌ఫాక్స్ కూడా నిర్దోషి కాదు. 2008 జూన్‌లో మూడవ సంచిక వచ్చేవరకు, పేరాను రెండు అంచులకూ సమంగా సర్దితే అందులో భారతీయ లిపుల సంయుక్తాక్షరాలు విడిపోయేవి.

ఎక్స్‌ప్లోరర్ చేసినవన్నీ చెడ్డవి కావన్నది కూడా చెప్పుకోవాలి. పొడవైన పదాన్ని పెట్టె అంచున విరిచే గుణం మొదట దానిదే. తరువాత పేరు మారి ప్రమాణంలో చేరినది. తెలుగు సమాసాలకు ఇరుకైన ఫోను తెరపై ఇది అత్యవసరం. పుటతో ఖతిని పంపడమూ మొదట అందులోనే కుదిరినది. ఇక పెట్టె లెక్క సంగతికి వస్తే, గీతను, లోపలి ఖాళీని వెడల్పులోనే కలిపే పాత పద్ధతిని ఎంచుకొనే వీలు 'బాక్స్ సైజింగ్' పేరుతో సీఎస్‌ఎస్‌లోకి వచ్చినది. నేడు చాలామంది రచయితలు దానినే ఇష్టపడతారు.

నేటి పరిష్కారాలు

ఎక్స్‌ప్లోరర్ 11కు 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపివేసినది. ఎడ్జ్ బ్రౌజరు 2020 జనవరి నుండి క్రోమ్ ఆధారపడిన యంత్రం మీదనే నడుస్తున్నది. పుటను నిలువు, అడ్డ వరుసలుగా పరిచే గ్రిడ్ పద్ధతి 2017 మార్చిలో క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీలలోకి దాదాపు ఒకేసారి వచ్చినది. తేల్చిన పెట్టెలతో కుస్తీ పట్టవలసిన పని అంతటితో తీరినది. అయినా తెలుగుకు ప్రత్యేకమైన చిక్కులు ఇంకా పుట రచయిత చేతిలోనే ఉన్నాయి.

మొదటిది వరుస ఎత్తు. దానిని పిక్సెళ్ళలో కాక, అక్షర పరిమాణానికి ఇన్ని రెట్లు అని ఇవ్వాలి. ఖతిని బట్టి 1.6 నుండి 1.8 వరకు తెలుగుకు సుఖంగా ఉంటుంది. పెట్టెకు కచ్చితమైన ఎత్తు బదులు కనీసపు ఎత్తు ఇస్తే, 'కాంటాక్ట్' కోసం చేసిన మీటలో 'సంప్రదించండి' కూడా పడుతుంది. పొంగినదాన్ని దాచే గుణాన్ని మీటలకు, శీర్షికలకు వాడరాదు. బొబ్బిలి ఒత్తు పోయేది అక్కడే.

రెండవది అడుగు గీత. లంకెల కింద గీత ఒత్తులను కోసుకుంటూ పోతుంది. అక్షరం అడ్డు వచ్చినచోట గీతను ఆపే పద్ధతి 2018 నుండి క్రోమ్‌లో సహజంగానే ఉన్నది. కాని ఒత్తులు వరుసగా వస్తే గీత ముక్కలు ముక్కలవుతుంది. గీతను కొంచెం కిందికి దించడం మేలు.

మూడవది మొదటి అక్షరాన్ని పెద్దదిగా చూపడం. పత్రికలలో అందంగా ఉండే ఈ అలంకారాన్ని శ్రీకాకుళం మీద ప్రయోగిస్తే చిక్కు బయటపడుతుంది. యూనికోడ్ పాత లెక్కలో 'శ్' ఒక ముక్క, 'రీ' మరొక ముక్క. తెలుగు సహా కొన్ని భారతీయ లిపులలో సంయుక్తాక్షరాన్ని విడదీయరాదన్న నియమం 2023లో వచ్చిన 15.1 సంచికలో చేరినది. పాత ఫోనులు ఇంకా చేతుల్లో ఉన్నంతకాలం తెలుగులో ఈ అలంకారాన్ని మానుకోవడమే మంచిది.

ఫోనులు

ఉత్తరాంధ్ర పల్లెల్లో చాలామందికి వెబ్ అంటే ఫోనే. ఆండ్రాయిడ్ తొలి సంచికలలో తెలుగు బదులు ఖాళీ గడులు వచ్చేవి. అప్పట్లో ఒపెరా మినీ బ్రౌజరులో సంక్లిష్ట లిపులను బొమ్మలుగా మార్చి పంపే సదుపాయం ఉండేది. చాలామంది తమ ఫోనులో తెలుగును మొదట చదివినది ఆ బొమ్మలలోనే. ఇప్పుడు ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ మూడూ హార్ఫ్‌బజ్ అనే ఒకే అక్షర కూర్పు యంత్రాంగాన్ని వాడుతున్నాయి. ఆపిల్ యంత్రాంగం వేరు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరానికి చెందిన ఒక సంకేతాల వరుస ఐఫోనులను స్తంభింపజేసినది. మధ్యలో కంటికి కనబడని ఒక విభజన సంకేతం చేరిన ఆ వరుస సందేశంలో వస్తే చాలు, ఆ అనువర్తనం మూతపడేది. ఆపిల్ అదే నెల 19న సవరణ విడుదల చేసినది. ప్రపంచ పత్రికలు దీనిని 'తెలుగు అక్షరం తెచ్చిన ముప్పు' అన్న ధోరణిలో రాశాయి గాని, ముప్పు అక్షరంలో లేదు, దానిని గీసే ప్రోగ్రాములో ఉన్నది.

శ్రీకాకుళం, విజయనగరం, 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాల అధికారిక సైట్లు యూనికోడ్ తెలుగులో ఉన్నాయి. భారత ప్రభుత్వ సైట్లకు మార్గదర్శకాలు మొదట 2009లో వచ్చాయి. ఇది కేవలం అందానికి సంబంధించిన విషయం కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినది. అటువంటి రాత్రి ఒక ప్రకటనను బొమ్మగానో, పాత ఖతిలో చేసిన పీడీఎఫ్‌గానో పెడితే, వజ్రపుకొత్తూరు అని వెదికినవారికి ఏమీ దొరకదు. చూపు లేనివారికి చదివి వినిపించే పరికరానికి అది ఖాళీ కాగితం. అదే ప్రకటన యూనికోడ్‌లో ఉంటే మందస, కవిటి, సోంపేట పేర్లు వెదకితే దొరుకుతాయి, సందేశంలోకి తీసి పంపవచ్చు.

గిడుగు, గురజాడ ఖతులు

శ్రీకాకుళం సమీపాన పర్వతాలపేటలో జన్మించిన గిడుగు వెంకట రామమూర్తి పేరిట, విజయనగరంలో జీవించిన గురజాడ అప్పారావు పేరిట రెండు తెలుగు ఖతులు ఉన్నాయి. సిలికానాంధ్ర వీటిని స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసినది. గూగుల్ ఫాంట్స్‌లో కూడా లభిస్తాయి. ఎవరైనా తమ పుటతో ఉచితంగా పంపవచ్చు. పాత పత్రికల ఖతులకు, వీటికి తేడా ఒక్కటే: ఖతి రాకపోయినా అడుగున ఉన్నది యూనికోడే కనుక పుట మరొక ఖతిలో చదవబడుతుంది. అయితే ఒక్కో ఖతి తన ఎత్తును ఒక్కో విధంగా ప్రకటించుకుంటుంది. గౌతమి వరుసల మధ్య ఖాళీ ఎక్కువ. ఒక ఖతిలో సరిపోయిన మీట మరొకదానిలో పొంగవచ్చు. కనుక ఖతి మార్చినప్పుడల్లా ఊరిపేర్ల పరీక్ష మళ్ళీ చేయాలి.

గిడుగు తన జీవితంలో పెద్ద భాగాన్ని సవర భాషకు ఇచ్చారు. ఆయన సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడినది. సీతంపేట మన్యంలో సవరను తెలుగు లిపిలో రాస్తారు. ఆ పుటలకు తెలుగుకు కావలసిన యంత్రాంగమే చాలు. 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్ 6.1లో చేరినది. ఆ లిపిలో రాసిన పుట తగిన ఖతి లేని ఫోనులో, ఒకప్పుడు తెలుగు కనిపించినట్లే, ఖాళీ గడులుగా కనిపిస్తుంది. నోటో వంటి స్వేచ్ఛా ఖతిని పుటతోపాటు పంపినచో చదవడానికి వీలవుతుంది.